వీపు వెనక గోడ

వెనక్కి నడవడం కూడా ఒక పనేనని ఆ ఇంట్లో ఎవరూ నమ్మలేదు, పసుపు చొక్కా ఇంటికొచ్చేదాకా.

ఆ ఇంటి పిల్లకి కాగితాల్లో ఒక పేరుంది గానీ దాన్ని వాడిన పాపాన ఎవరూ పోలేదు. మాటలు వచ్చిన దగ్గర్నుంచీ ఆమె ప్రశ్నలబుట్టే. వాళ్ళమ్మ బట్టలు కుడుతుంది. నాన్న సిటీ బస్సు నడుపుతాడు. అమ్మమ్మ కుర్చీలోంచి కదలకుండా వాళ్ళిద్దర్నీ నడుపుతుంది. అలాంటి ఇంట్లో పుట్టి ఆ పిల్ల అడగని ప్రశ్న లేదు. పాలు కాగితే పొంగుతాయి కదా, నీళ్ళెందుకు పొంగవు? బస్సులో వెనక సీటువాళ్ళే ఎందుకు ఎగిరెగిరి పడతారు? కత్తెర చెయ్యి మారిస్తే గుడ్డ తెగకుండా ఎందుకు నలుగుతుంది? వాళ్ళమ్మ నోట్లో గుండుసూదులు పెట్టుకుని పనిచేసేది. ఆ సూదుల వంకతో జవాబు తప్పించుకునేది. నాన్న "రేపు చెబుతాలేమ్మా" అనేవాడు. ఆ రేపు ఇంకా రాలేదు. అమ్మమ్మ మాత్రం ఉన్నమాట మొహానే అనేది: "ఇది పుట్టినప్పుడు నోరు ముందొచ్చింది. మిగతా పిల్ల తీరిగ్గా తర్వాత వచ్చింది."

స్కూలు చదువు అయ్యాక, యూనివర్సిటీ ఎలా ఉంటుందో చూసుకోమని పిల్లల్నీ పెద్దల్నీ పిలిచే రోజున, నాన్న సెలవు పెట్టి ఆమెని తీసుకెళ్ళాడు. గేటు దగ్గర పసుపు చొక్కా వేసుకున్న ఒక పొడుగాటి కుర్రాడు, చేతిలో మడిచిన గొడుగు జెండాలా పైకెత్తి నిలబడ్డాడు. అతన్ని అక్కడ అందరూ గొడుగన్న అంటారు. గొడుగన్న నాన్నని ఏమీ అడగలేదు. తిన్నగా పిల్ల మొహంలోకి చూసి, "నీకేం తెలుసుకోవాలని ఉంది?" అన్నాడు.

అంతే! పుట్టి బుద్ధెరిగాక ఆమెని ఆ మాట అడిగినవాళ్ళు లేరు. నోరు మూసుకోమన్నవాళ్ళే గానీ తెరవమన్నవాళ్ళు లేరు. ఆ అదురుపాటుకి, బతుకులో మొదటిసారి, బుట్ట ఖాళీ అయిపోయింది. ఒక్క ప్రశ్న దొరకలేదు. గొడుగన్న నవ్వి, "దొరికినప్పుడు అడుగు, నేను ఇక్కడే ఉంటా" అన్నాడు.

ఆమె ఆ యూనివర్సిటీలోనే చేరింది. చేరిన ఏడాదే, తనకీ పసుపు చొక్కా కావాలని వెళ్ళి నిలబడింది.

ఆ పనికి విద్యార్థి రాయబారి అని పెద్ద పేరు. "రాయబారమంటే యుద్ధం ముందు చేసేది కదే, ఎవరితో పడ్డారు మీరు?" అంది అమ్మమ్మ.

"యుద్ధం లేదు, గిద్దం లేదు. చేరదామని వచ్చేవాళ్ళని చుట్టూ తిప్పి చూపించడం. వాళ్ళ మొహాలు చూస్తూ మాట్లాడుతూ మనం వెనక్కి నడవాలి."

"వెనక్కా! ముందుకు నడవడం నేర్పిస్తారని పంపిస్తే!"

చొక్కా చూశాక కాస్త మెత్తబడ్డారు. అది ఇద్దరు ప్రశ్నలబుట్టలు పట్టేంత సైజు. వాళ్ళమ్మ ఆ సాయంత్రమే మిషను ముందు కూర్చుని, భుజాలు తగ్గించి, పక్కలు లోపలికి పట్టి, మిగిలిన గుడ్డ కత్తిరించి అవతల పారేసి, పిల్ల ఒంటికి అచ్చు పోసినట్టు కుట్టింది. ఇక ఆ చొక్కా లోకంలో ఇంకెవరికీ పట్టదు. కుట్టాక కూడా వెంటనే ఇవ్వలేదు. షాపు ముందు హ్యాంగరుకి తగిలించింది. బేరానికొచ్చిన ప్రతివాళ్ళూ "ఇదెవరిదమ్మా?" అనాలి, ఆమె సూదులు తీసి "మా అమ్మాయిది. యూనివర్సిటీవాళ్ళు ఇచ్చారు" అనాలి. దానికోసం ఆమె నోట్లోంచి సూదులు ఎన్నిసార్లు తీసిందో, ఆ వారం జాకెట్లన్నీ ఆలస్యమయ్యాయి.

పని నేర్పినవాడు గొడుగన్నే. "వీపు గోడకి, మొహం మనుషులకి" అనేది మొదటి పాఠం. ఏ మేడ చూపిస్తున్నా దానికి వీపు పెట్టి నిలబడాలి. అప్పుడే మాట అందరికీ వినిపిస్తుంది. రెండో పాఠం, తెలీదు అనకూడదు.

"మరి నిజంగా తెలీకపోతే అన్నా?"

"'మంచి ప్రశ్న' అను. అని నడుస్తూ ఉండు. నాలుగడుగులు వేస్తే వాళ్ళే మర్చిపోతారు."

"నేను మర్చిపోను కదా!"

"నువ్వు అడిగేదానివి కాదు తల్లీ ఇప్పుడు, చెప్పేదానివి" అన్నాడు గొడుగన్న, తలపట్టుకుని.

అక్కడే వచ్చింది చిక్కంతా. ఈమె చెబుతూ చెబుతూ అడగడం మొదలుపెట్టేది. వచ్చినాయన వడ్రంగి అని తెలిస్తే, లైబ్రరీ మెట్ల చెక్క ఏ చెట్టుదో చూసి చెప్పమనేది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని మెట్టు వాసన చూస్తుంటే బ్యాచి మొత్తం చుట్టూ మూగేది. ఎవరికీ విసుగు పుట్టేది కాదు. కానీ ఆలస్యం ఆలస్యమే.

ఆ ఆలస్యం గిట్టనిది ఒక్క గడియారం మేడమ్‌కే. కొత్తగా చేరేవాళ్ళ వ్యవహారమంతా ఆమె చేతిలో ఉంటుంది. అసలు పేరు తలుపు మీద రాసే ఉంటుంది, అయినా పిల్లలు పిలిచే పేరు ఇదే. ఆమె గయ్యాళి కాదు, ఆ మాట ముందే చెప్పుకోవాలి. అన్ని బ్యాచీలూ చివరికి పెద్ద హాలుకి చేరాలి. అక్కడ పెద్దసారు మాట్లాడతాడు. ఆయన మొదలుపెడితే తలుపులు మూస్తారు. మొన్నటిసారి ప్రశ్నలబుట్ట బ్యాచి మూసిన తలుపు తీయించుకుని సగంలో వెళితే, కుర్చీలు నిండిపోయి, కర్ర పట్టుకుని వచ్చిన ఒక ముసలావిడ అంతసేపూ గోడకి ఆనుకుని నిలబడింది. మేడమ్ తన కుర్చీ తెచ్చి వేసేసరికి సభే అయిపోయింది. అది మేడమ్ మర్చిపోలేదు.

"ఇంకొక్కసారి. ఈసారి కూడా నీ బ్యాచి తలుపు మూశాక వస్తే, చొక్కా నా బల్ల మీద పెట్టి వెళ్ళు. సరేనా?"

"సరే మేడమ్."

సరే అని వచ్చేసింది గానీ ఇంట్లో చెప్పలేదు. షాపు ముందు ఖాళీగా ఊగుతున్న ఆ హ్యాంగరు వంక చూస్తే నోరు రాలేదు. అందులోనూ, తనని ఎవరైనా అడుగుతారా అని ఎదురుచూసిన బతుకు ఆమెది. ఇప్పుడు ఎదుటివాళ్ళని తనే అడగగల చోటు దొరికింది. అది పోతే మళ్ళీ నోరు మూసుకో అనే చోటికే పోవాలి.

ఆ రోజు రానే వచ్చింది. ప్రశ్నలబుట్ట పొద్దున్నే ఒట్టు పెట్టుకుంది, చెప్పాల్సింది చెప్పడం, నడవడం, అంతేనని. వచ్చిన బ్యాచిలో ముందు వరసలో ఒక మీసాలాయన, పక్కన ఆయన భార్య, వాళ్ళ వెనక సగం దాక్కుని వాళ్ళ అమ్మాయి. సన్నగా, చిన్నగా, చేతులు వెనక్కి కట్టుకుని ఉంది. మీసాలాయన గేటు దాటకముందే మొదలుపెట్టాడు.

"హాస్టలు గేటు ఎన్నింటికి మూస్తారు? లోపల ఫోను పనిచేస్తుందా? చదువైపోయాక ఉద్యోగం గ్యారంటీయేనా?"

ఒక్కోదానికీ జవాబు చెప్పి, ప్రశ్నలబుట్ట అమ్మాయి వైపు తిరిగింది. "నీకేం తెలుసుకోవాలని ఉంది?"

అమ్మాయి కళ్ళు నేలకి దించేసింది.

"అది అడగదమ్మా" అన్నాడు మీసాలాయన. "మా చుట్టాలందరూ మూగదేమో అనుకుంటారు. దాని తరఫున నేను అడుగుతాగా!"

"ఇంట్లో మీరుంటే ఇంకొకరికి సందు దొరకొద్దూ!" అంది భార్య. బ్యాచి నవ్వింది. అమ్మాయి నవ్వలేదు.

ప్రశ్నలబుట్ట వెనక్కి నడుస్తూ, లైబ్రరీ, లేబొరేటరీ, ఆటల మైదానం అన్నీ చూపించింది. ఎక్కడా ఆగలేదు. ఒట్టు నిలబడుతోంది. కానీ ఆ అమ్మాయి ఎక్కడా ఈమె మొహం చూడటంలేదు. ఈమె తల మీదుగా ఎటో చూస్తోంది. పొగరా? విసుగా? పొగరైతే చేతులు అలా వెనక్కి కట్టుకోదే! అడిగి తెలుసుకుందామంటే ఒట్టు అడ్డం. నాలుక చివర దురద మొదలైంది.

రాతిమేడ దగ్గరికి వచ్చారు. అక్కడున్న మేడలన్నిట్లోకీ పాతది అదే. దాని పక్కగోడలోంచి ఎప్పుడూ సన్నగా ఒక మోత వస్తుంటుంది, దూరంగా పిండిమర ఆడుతున్నట్టు. గోడకి వీపుపెట్టి నిలబడి ప్రశ్నలబుట్ట, గొడుగన్న నేర్పిన మాట అప్పజెప్పింది. గొడుగన్నకి అంతకుముందువాళ్ళు నేర్పారు. వాళ్ళకి ఎవరు నేర్పారో వాళ్ళకే తెలియాలి.

"ఇక్కడ మీకు వినిపించేది కరెంటుతో నడిచే పాతకాలం మిషను శబ్దం. భయపడక్కర్లేదు. పదండి, హాలుకి వెళదాం."

బ్యాచి కదిలింది. అమ్మాయి కదల్లేదు.

"కరెంటు పోయినప్పుడు కూడా వస్తుందా ఆ శబ్దం?" అంది.

మాట చిన్నదే. మీసాలాయన మాత్రం, కుక్కర్ మూత ఎగిరినట్టు ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. భార్య ఆయన చెయ్యి గిల్లి ఆపింది.

ప్రశ్నలబుట్ట ఆలోచించింది. మొన్న పరీక్ష రోజున కరెంటు పోయింది. తను ఇదే మెట్ల మీద కూర్చుని చదువుకుంది. ఫ్యాన్లు లేవు, లైట్లు లేవు. మోత ఉంది.

"వస్తుంది."

"మరి మిషను ఎలా అవుతుంది?"

హాలు అల్లంత దూరంలో కనబడుతోంది. గొడుగన్న బ్యాచి లోపలికి వెళ్ళిపోతోంది. ఇప్పుడు అనాల్సిన మాట ఒక్కటే ఉంది. ప్రశ్నలబుట్ట "మంచి..." అని మొదలుపెట్టింది కూడా. అమ్మాయి మొహం చూసింది. వెనక్కి కట్టుకున్న చేతులు ముందుకొచ్చేశాయి. ఇప్పుడు నాలుగడుగులు వేస్తే, ఈ పిల్ల మళ్ళీ ఎన్నేళ్ళకి నోరు తెరుస్తుందో!

"నాకు తెలీదు" అంది ప్రశ్నలబుట్ట. "నువ్వేమనుకుంటున్నావ్?"

"మీరొకసారి వెనక్కి తిరిగి చూడండి అక్కా."

ఆమె తిరిగింది. చొక్కా వేసుకున్న ఇన్ని నెలల్లో ఆ గోడని నిలబడి చూడటం అదే మొదలు. పైన, చూరు కింద, గాలి ఆడటానికి పెట్టిన గుండ్రటి చెక్క కంత ఒకటి ఉంది. దాని పలకల సందుల్లోంచి తేనెటీగలు వస్తున్నాయి, పోతున్నాయి. వచ్చేవి ఒక సందులోంచి, పోయేవి ఇంకో సందులోంచి. కంత కింద రాయి నల్లగా జిడ్డోడుతూ మెరుస్తోంది.

"అయ్యో రామా, అదా! మేం రాగానే చూశాం" అంది బ్యాచిలో ఒకావిడ. "మీకు తెలిసే ఉంటుందనుకున్నాం."

"నేనూ చూశాను. చెబితే బావుండదేమోనని..." అన్నాడు ఇంకొకాయన.

చూడటానికి వచ్చినవాళ్ళందరికీ కనబడింది. చూపించేవాళ్ళకే కనబడలేదు! అటుగా నీళ్ళ పైపు లాక్కుంటూ పోతున్న తోటమాలిని ఆపి, "పెద్దాయనా, ఇది మీకు తెలుసా?" అని అడిగితే, ఆయన తలెత్తి చూసి నోరెళ్ళబెట్టాడు.

"మిషను కాదూ? మీ పసుపు చొక్కాలవాళ్ళే కదమ్మా ఏళ్ళ తరబడి మిషను మిషను అని అరిచింది. నేనూ అదే మా ఇంట్లో చెప్పాను!"

అప్పుడైనా హాలుకి వెళ్ళుండాలి. వెళితే సరిపోయేది. "గోడ అవతల ఏముంటుంది అక్కా?" అంది అమ్మాయి. ఇంకేముంది! ప్రశ్నలబుట్ట ఒట్టు తీసి గట్టున పెట్టింది. అవతల ఉన్నది ఒక పాత క్లాసు గది. తలుపు గడియ తీసే ఉంది. బ్యాచి బిలబిలా లోపలికి వెళ్ళింది.

గది చల్లగా ఉంది. బయటి కంతకి సరిగ్గా కింద, ఎప్పుడో కిటికీ ఉన్నచోట చెక్కలు కొట్టి, సున్నం పూసేశారు. అమ్మాయి వెళ్ళి అరచెయ్యి ఆనించింది. "అక్కా, వెచ్చగా ఉంది."

ప్రశ్నలబుట్ట చెయ్యి పెట్టింది. చెక్క వెచ్చగా ఉంది, పైగా సన్నగా వణుకుతోంది, నిద్రపోతున్న పిల్లి వీపు మీద చెయ్యి వేసినట్టు. ఆ తర్వాత బ్యాచిని ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఒకరి తర్వాత ఒకరు చేతులు పెట్టారు, చెవులు పెట్టారు. మీసాలాయన చెంప ఆనించి కళ్ళు మూసుకున్నాడు. మీసం చెక్క మీద రాసుకుంటుంటే భార్య నవ్వు ఆపుకోలేకపోయింది.

అమ్మాయి బోర్డు దగ్గర్నుంచి సుద్దముక్క తెచ్చింది. వెచ్చగా ఉన్నచోట ఒక చుక్క, చల్లబడ్డచోట ఒక గీత. చెయ్యి జరుపుతూ, గీత కలుపుతూ పోయింది. ప్రశ్నలబుట్ట బెంచీ లాగి ఎక్కి, పైవైపు తను పట్టుకుంది. "ఇక్కడ?" "వెచ్చన." "ఇక్కడో?" "ఊహు, చలి." చివరికి దిగి, వెనక్కి జరిగి చూస్తే, చెక్కల మీద తెల్లటి గీతతో ఒక తుట్టె, తలుపు రెక్కంత పొడుగు, కింద వంకాయలా ఉబ్బి. లోపలున్నదాన్ని కంటితో చూడకుండా బొమ్మ గీసేశారు.

"వాన పడితే ఈ శబ్దం ఆగుతుందా?" అంది అమ్మాయి.

"తెలీదు" అంది ప్రశ్నలబుట్ట. ఈసారి ఆ మాట పంచదారలా కరిగిపోయింది నోట్లో.

హాలు దగ్గరికి వెళ్ళేసరికి తలుపులు తెరిచి జనం బయటికి వస్తున్నారు. పెద్దసారు మాట్లాడటం, దండం పెట్టడం కూడా అయిపోయింది. గడియారం మేడమ్ మెట్ల మీద నిలబడి ఉంది. గొడుగన్న పరిగెత్తుకొచ్చి చెవిలో, "ఎవరికో కళ్ళు తిరిగాయని చెప్పు, నేను సాక్ష్యం చెబుతా" అన్నాడు.

"ఎక్కడికెళ్ళారు?" అంది మేడమ్.

"రాతిమేడలో ఉన్నాం మేడమ్. అది మిషను కాదు, తేనెటీగలు. చూస్తూ ఉండిపోయాం."

"తేనెటీగలా! ఇంతమందిని తేనెటీగల దగ్గరికి తీసుకెళ్ళావా?"

"వాటి జోలికి పోలేదండీ మేం" అని మీసాలాయన అడ్డమొచ్చాడు. "ఉపన్యాసం పోతే పోయింది. మా అమ్మాయి మాట్లాడింది!"

"సంతోషమండీ" అంది మేడమ్, నిజంగానే. ఆయనతో మర్యాదగా నవ్వి, ఇటు తిరిగింది. "కానీ మాటంటే మాటే. ఉతికి ఇవ్వు చొక్కా."

ఇంటికి వచ్చి చెప్పాల్సి వచ్చింది. వాళ్ళమ్మ నోట్లోంచి సూదులు తీసి పక్కన పెట్టింది. చొక్కా ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసింది.

"కుట్లు విప్పాలేమో కదమ్మా, ఇంకొకరికిస్తారు" అంది ప్రశ్నలబుట్ట.

"నేను విప్పను" అంది వాళ్ళమ్మ. "విప్పినా, కోసేసిన గుడ్డ ఎక్కణ్ణుంచి తేను? కావాలంటే వాళ్ళ పిల్లనెవర్నైనా ఈ కొలతకి కోసుకోమను."

అమ్మమ్మ ఇంతసేపూ వింటూ ఉంది. తిడుతుందనుకుంటే, కుర్చీ కాస్త ముందుకు జరుపుకుంది. "అది సరే గానీ, వాన పడితే ఆగుతుందా?"

"ఏంటి?"

"ఆ మోతే! ఆ పిల్ల అడిగిందన్నావుగా. సగంలో వదిలేసి వస్తే నాకు అన్నం ఎలా సయిస్తుందే?"

చొక్కా మేడమ్ బల్ల మీదకి చేరింది. ఒకరిద్దరు కొత్తవాళ్ళు తొడుక్కోబోయి, భుజాల దగ్గరే ఇరుక్కుని విడిపించుకున్నారు. చివరికి అది మేడమ్ కుర్చీ వీపుకి తగిలించి ఉండిపోయింది.

తర్వాత ఒక మబ్బు పట్టిన మధ్యాహ్నం, క్లాసులోంచి పిలుపొచ్చింది. మేడమ్ గదిలో ఫోను పక్కన పెట్టి కూర్చుని ఉంది, మొహం అదోలా పెట్టుకుని.

"ఆ మీసాలాయన ఫోన్ చేశాడు. హాస్టలు గురించేమో అనుకున్నా. కాదు. వాళ్ళమ్మాయి అడగమందట, వాన పడితే ఆ శబ్దం ఆగుతుందా అని. ఆ సంగతి తెలిస్తే గానీ చేరేదీ మానేదీ చెప్పదట."

"మీరేమన్నారు మేడమ్?"

గడియారం మేడమ్ కిటికీ వైపు చూసింది. "మంచి ప్రశ్న అన్నాను."

నవ్వకూడదని ప్రశ్నలబుట్ట పెదవి కొరుక్కుంది. ఈలోపు మేడమే ఫక్కున నవ్వేసింది. చినుకులు పడటం మొదలైంది. ఇద్దరూ ఒకే గొడుగులో రాతిమేడకి వెళ్ళారు. సుద్దగీత ఎవరూ చెరపలేదు. మేడమ్ ముందు వేలు పెట్టింది, తర్వాత అరచెయ్యి, తర్వాత చుట్టూ ఎవరూ లేరని చూసుకుని చెవి. బయట వాన జోరందుకుంది. అయినా మోత ఆగలేదు సరికదా, ఇంకాస్త పెరిగింది.

"ఆగలేదు!" అంది మేడమ్, చిన్నపిల్లలా. వెంటనే, "ఎందుకు పెరిగింది?"

"బయటికెళ్ళినవన్నీ తడవకుండా ఇంటికొచ్చేసి ఉంటాయి మేడమ్. అందరూ ఇంట్లో ఉన్న రోజు మా ఇంట్లో కూడా ఇంతే. కానీ నాకు సరిగ్గా తెలీదు. కనుక్కుంటా."

మేడమ్ చెవి తీసి, సున్నం దులుపుకుని, మళ్ళీ మేడమ్ అయిపోయింది. "నిన్ను ముందు నడవనిస్తే ఏ బ్యాచీ హాలుకి చేరదు. అది తేలిపోయింది. ముందు నడిచేవాళ్ళకి వెనకాల ఎవరు ఆగిపోయారో పట్టదు. నువ్వు చివర నడువు. ఆగినవాళ్ళ దగ్గర ఆగు, కనుక్కో, తలుపులు మూసేలోపు తోలుకురా. గొడుగన్న కళ్ళు తిరిగే అబద్ధాలు మాని ముందు నడుస్తాడు. చొక్కా తీసుకెళ్ళు. అది ఇంకెవరికీ పట్టదని ఆ కుట్టినావిడ ముందే చూసుకున్నట్టుంది."

దొంగ చేతికి తాళాలిచ్చినట్టే కదా అని గొడుగన్న అన్నాడు. అన్నాడు గానీ మిషను మాట చెప్పడం మానేశాడు. రాతిమేడ దగ్గర ఇప్పుడు దూరంగా నిలబడి, గోడ వైపు తనే తిరిగి, అందరికీ వీపు చూపిస్తాడు.

మళ్ళీ ఆ రోజు వచ్చినప్పుడు, ప్రశ్నలబుట్ట అచ్చు పోసిన పసుపు చొక్కాలో అందరికంటే చివర, ముందుకే నడుస్తూ వచ్చింది. హాలు దగ్గరపడింది. మెట్ల మీద మేడమ్ చేతి గడియారం చూసుకుంటోంది. బ్యాచి అంతా కదిలిపోయాక, చేతికర్ర పట్టుకున్న ఒక తాతగారు రాతిమేడ తలుపు దగ్గర ఆగిపోయి, వంగి, మడతబందు కేసి చూస్తున్నాడు. పక్కన మనవరాలు సిగ్గుతో చచ్చిపోతోంది.

"తాతా, పద! అక్క మనకోసం ఆగింది."

"ఉండవే."

ప్రశ్నలబుట్ట ఆయన పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. అటు హాలు తలుపు రెక్క ఒకటి మూసుకుంటోంది, ఇంకోటి మేడమ్ కాలితో ఆపి పట్టుకుంది.

"ఏం కనబడింది తాతగారూ? నడుస్తూ చెబుతారా?"